అతుకు కనిపించినా ఆగని భయం

పొయ్యిలో కట్టెల్లేవు. ఇంట్లో చేరిన దెయ్యం తన రెండు కాళ్లూ పొయ్యిలోకి చాచి, వాటికే మంట పెట్టుకుని వంట చేస్తుంది. బి. విఠలాచార్య తీసిన 'జగన్మోహిని' (1978) కథ మరిచిపోయినవాళ్లకు కూడా ఈ కాళ్లు గుర్తుంటాయి. అది ట్రిక్కని చూస్తుండగానే తెలిసిపోతుంది. తెలిసినా ఒళ్లు జలదరిస్తుంది.

చవకగా తీసిన దెయ్యాల సినిమాను నలుగురూ కూర్చుని చూసి నవ్వుకోవడం ఇప్పుడు సరదా అయింది. నవ్వొద్దనను. కానీ నవ్వు తెప్పించిన ఆ అతుకు దగ్గరే ఒక్క క్షణం ఆగి చూడమంటాను. ఖరీదైన సినిమా తన పనితనాన్ని దాచేస్తుంది. చవక సినిమాకు ఆ స్తోమత లేదు కాబట్టి అక్కడ పనివాడి చెయ్యి కనిపిస్తుంది.

మనిషి మాయమయ్యే షాట్ తీసుకోండి. కెమెరాను కదలకుండా బిగిస్తారు. నటులందరినీ ఉన్నచోట ఉన్నట్టే నిలబడమంటారు. కెమెరా ఆపి, మాయమవ్వాల్సిన మనిషిని పక్కకు పంపి, మళ్లీ తిప్పుతారు. ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ 1896లోనే చేసి చూపించిన కిటుకు ఇది. వినడానికి సులువే. కానీ ఆగిన ఆ రెండు నిమిషాల్లో పక్కనున్న నటుడి తల అంగుళం జరిగినా తెరమీద అది గెంతినట్టుంటుంది. పైగా ఫిల్ము కెమెరా మళ్లీ వేగం అందుకునేలోపు మొదటి ఫ్రేముల మీద ఎక్కువ వెలుతురు పడుతుంది. ఎడిటర్ వాటిని కత్తిరించెయ్యాలి. తొందరలో ఒకటి రెండు మిగిలిపోతే, దెయ్యం మాయమయ్యే చోట తెర ఒక్కసారి తెల్లగా మెరుస్తుంది. పాత సినిమాల్లో ఆ మెరుపు కోసం రెప్ప వేయకుండా చూడండి, దొరుకుతుంది.

దెయ్యం నేలమీంచి చెట్టుకొమ్మ మీదికి ఎగరాలంటే, నటిని కొమ్మ మీంచి కిందికి దూకించి షాట్‌ను తిరగేసి నడిపితే చాలు. అక్కడ మనిషిని కాకుండా దుమ్మును గమనించండి. అది పైకి లేవదు, నేలలోకి దిగిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు పోవాల్సిన చోట 12 మాత్రమే తీసి మామూలు వేగంతో తెరమీద వేస్తే, నడక రెట్టింపు వేగంతో పరుగవుతుంది. నల్లబట్టల మీద తెల్లగా ఎముకలు గీసి, నల్ల తెర ముందు ఆడిస్తే అస్థిపంజరాల నాట్యం. ఒకే ఫ్రేములో ఒకే నటి ఇద్దరుగా కనిపించాలంటే లెన్సుకు సగం నల్ల అట్ట అడ్డుపెట్టి తీసి, ఫిల్ము వెనక్కి చుట్టి, రెండో సగం తియ్యాలి. ఈ మాస్క్ షాట్‌లో మధ్యగీత దాటి చెయ్యి పడిందంటే ఆ చెయ్యి తెగినట్టే!

'మాయాబజార్' (1957)కు కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే వాడినవీ ఇలాంటి కెమెరా కిటుకులే. వాటిని మనం కళాఖండమని నెత్తిన పెట్టుకున్నాం, సరైన పనే. విఠలాచార్య లాంటివాళ్ల చేతిలో లేనివి మరో నాలుగు రోజుల షూటింగూ ఇంకో రెండు టేకుల ఫిల్మూ. తక్కువ ఖర్చుతో, గడువులోగా సినిమా ముగించడమే ఆయనకు పేరు తెచ్చింది. ఆ లెక్కలోనే అతుకులూ పుట్టాయి.

బొంబాయిలో రామ్సే సోదరులది ఇదే దారి. తండ్రి ఎఫ్.యు. రామ్సే నిర్మించిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' (1970) ఆడలేదు. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగుతో మ్యూజియంలో దొంగతనానికి దిగే ఘట్టం దగ్గర హాల్లో జనం బిగుసుకుపోవడం కొడుకులు గమనించారు. కథ, కెమెరా, శబ్దం, ఎడిటింగ్, దర్శకత్వం ఏడుగురు సోదరులూ పంచుకుని 'దో గజ్ జమీన్ కే నీచే' (1972)తో దెయ్యాల బాట పట్టారు. 'పురానా మందిర్' (1984)లో వాళ్ల అసలు పెట్టుబడి ఆరడుగులు దాటిన అజయ్ అగర్వాల్ ఆకారం. రాక్షసుడు సామ్రీ పాత్రలో ఆయన ఊరకే నిలబడితే చాలు, మేకప్ పని సగం తగ్గిపోతుంది.

నిజంగా చెడ్డ సినిమాలూ ఉన్నాయి, ఒప్పుకోవాలి. వాటి తప్పు డబ్బు లేకపోవడం కాదు, ఆపడం తెలియకపోవడం. రబ్బరు ముఖం రెండు సెకన్లు దెయ్యం, పది సెకన్లు చూపిస్తే ఉత్త రబ్బరు. భయం చిక్కబడే వేళకు హాస్యగాణ్ని తెచ్చి పడేస్తారు. మధ్యలో ఇరికించిన శృంగార నృత్యాలనైతే నేను ఏ విధంగానూ సమర్థించను.

పొయ్యి దగ్గరి దృశ్యం పండడానికి కారణం వేరు. రామ్సేల భయం పాడుబడ్డ హవేలీలో ఉంటుంది, సినిమా అయిపోగానే దాన్ని అక్కడే వదిలి రావచ్చు. విఠలాచార్య భయాన్ని వంటింట్లో పెట్టాడు. 1978లో ఆ సినిమా చూసిన ఆడవాళ్లలో చాలామంది ఇంటికెళ్లి కట్టెలపొయ్యే రాజెయ్యాలి. రోజూ చేసే పని, రోజూ చూసే మంట. అందులో ఒక్క వస్తువు మారింది, అంతే. ట్రిక్కు ఎంత నాసిరకమైనా ఈ ఆలోచన నాసిరకం కాదు. అతుకును కన్ను పట్టుకునేలోపే భయం లోపలికి చేరిపోతుంది.

ఇంకో సంగతి. ఇవాళ మనం నవ్వే లోపాల్లో కొన్ని తీసినవాళ్లవి కానే కావు. పగలే నీలి ఫిల్టరు పెట్టి, వెలుతురు తగ్గించి రాత్రిగా చూపించిన దృశ్యాలు ఇలాంటి సినిమాల్లో బోలెడు. ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలివర్ణం ముందుగా వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. అలాంటి ప్రింటు నుంచి వీడియో చేసేటప్పుడు బాగా కనపడాలని వెలుతురు పెంచితే, శ్మశానంలో అర్ధరాత్రి కాస్తా గులాబీరంగు మధ్యాహ్నమవుతుంది. చీకట్లో కలిసిపోవాల్సిన తీగలు, నల్లబట్టలు బయటపడతాయి. రామ్సేలవీ విఠలాచార్యవీ ఒరిజినల్ నెగెటివ్‌లు ఎక్కడ మిగిలి ఉన్నా, తియ్యాలనుకున్నంత చీకటితో వాటిని మళ్లీ స్కాన్ చెయ్యాలి. ఆ షాట్లకు కెమెరా బిగించిన సహాయకుల్లో ఇప్పటికీ ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని జరగాలి. ఏ షాట్‌కు ఎంత చీకటి కావాలో వాళ్లను అడిగితేనే తెలుస్తుంది.