ఏథెన్సు షరాబు

ప్రాచీన నాణెములను గూర్చి వ్రాయువారు తరచుగా వానిపైనున్న ముద్రల సౌందర్యమును వర్ణించి తృప్తి నొందుదురు. నాకు మాత్రము ముద్ర వేసిన శిల్పికంటె, దానిని నమ్మవచ్చునో కూడదో తేల్చిన షరాబే ఎక్కువ ఆసక్తికరుడుగా తోచును.

లారియము గనుల వెండితో ఏథెన్సువారు ముద్రించిన నాణెమున ఒకవైపు ఎథీనాదేవి శిరస్సు, రెండవవైపు గుడ్లగూబయు నుండెడివి. సుమారు 17 గ్రాములు తూగెడి నాలుగు ద్రాక్మాల నాణెము దూరదేశపు వర్తకమునకు తగినదే కాని, అంగడిలో పిడికెడు చేపలు బేరమాడు గృహస్థునకు కావలసినది, ద్రాక్మాలో ఆరవ వంతై, ముప్పాతిక గ్రామైనను తూగని ఓబలు. ఇట్టి చిల్లరను జనులు బుగ్గలో నుంచుకొని నడచుచుండిరని అరిస్టోఫనీసు ప్రహసనములవలన తెలియుచున్నది. క్రీ.పూ. 5వ శతాబ్ది చివర న్యాయసభలో కూర్చున్న పౌరునకు దినభత్యము 3 ఓబలులు. ఎరెక్థియము ఆలయ నిర్మాణపు లెక్కలలో, పౌరుడైనను దాసుడైనను, పనివానికి సాధారణముగా వ్రాయబడిన దినకూలి 1 ద్రాక్మా. అట్టి కూలిలో పైకి వెండిపూతయు లోపల రాగియు నున్న దొంగనాణెమొకటి చేరినచో, నాటి గ్రాసమునకే లోటు.

కనుకనే క్రీ.పూ. 375 ప్రాంతమున నికోఫాను ప్రతిపాదించిన శాసనము, అంగడిలో వడ్డివ్యాపారుల బల్లల నడుమ ఒక ప్రభుత్వదాసుని పరీక్షకునిగా కూర్చుండ నియమించినది. పిరేయసు రేవునందలి వర్తకులకై మరియొకని నేర్పరచినది. కంచుగాని సీసముగాని గర్భముననున్న నాణెమును అతడు తత్క్షణమే అడ్డముగా నరికి దేవమాత కర్పింపవలెను. అతడు మంచిదన్న వెండిని నిరాకరించిన విక్రేత, ఆనాడు తాను అమ్మకమునకు పెట్టిన సరకునంతయు కోల్పోవలెను.

వెండికి విలువ లోహమువలన వచ్చునని కొందరును, రాజ్యముద్రవలన వచ్చునని కొందరును వాదింతురు. ఆ రెంటిని దినదినము నిలబెట్టినది పరీక్షకుని కన్నును, చేయియు నని నా మతము. అయినను, స్వతంత్రులైన వర్తకులను తన మాటకు కట్టుపరచిన ఆ మనుజుడు, విధిలో ఏమరినచో 50 కొరడాదెబ్బలు తినవలెనని అదే శాసనము విధించినది. నాణెపు నాణ్యమును అంత సూక్ష్మముగా తూచిన ఏథెన్సు, ఆ నాణ్యమును కాపాడిన మనుష్యుని తూచుటలో న్యాయము తప్పినదనియే నా తీర్పు.