ముప్పైరెండు అక్షరాల తాళంచెవి

శబరి ఒడ్డున కొంట నుంచి సుక్మా దాకా తిరుగుతూ దోర్లీ, గోండీ, హల్బీ పాటలు రికార్డు చేసేవారి లాప్‌టాప్‌లో పాటలతో పాటు పాడినవాళ్ల పేర్లు, ఊళ్లు కూడా ఉంటాయి. లాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోతే అవి పరాయివాళ్ల కంట పడకూడదు. పాస్‌వర్డ్ పనిచేయక సేకరణంతా అందకుండా పోనూకూడదు. ఈ రెంటినీ కలిపి ఆలోచించిన పనితనం లినక్స్‌లో ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్‌లో కనిపిస్తుంది. ఎరెజ్ జాడోక్ రాసిన క్రిప్ట్‌ఎఫ్ఎస్ పునాదిగా ఐబీఎంలో మైకేల్ హాల్‌క్రో దీన్ని రూపొందించారు. 2006లో ఇది లినక్స్ 2.6.19 కెర్నెల్‌లో చేరింది. ఉబుంటు హోమ్ డైరెక్టరీల ఎన్‌క్రిప్షన్‌కు దీన్నే వాడుకుంది.

ఇందులో లాగిన్ పాస్‌వర్డ్ ఫైళ్ల జోలికే పోదు. ప్రతి ఫైలుకూ విడిగా ఒక తాళంచెవి పుడుతుంది. దాన్ని మరో తాళంచెవితో మూసి ఆ ఫైలు తలభాగంలోనే దాస్తారు. ఆ రెండో తాళంచెవికి మూలం మౌంట్ పాస్‌ఫ్రేజ్: 16 యాదృచ్ఛిక బైట్ల నుంచి వచ్చిన 32 అక్షరాలు. లాగిన్ పాస్‌వర్డ్ చేసేదల్లా ఈ 32 అక్షరాలను ‘రాప్‌డ్-పాస్‌ఫ్రేజ్’ అనే చిన్న ఫైల్లో మూసి ఉంచడమే. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఆ చిన్న ఫైలొక్కటే మారుతుంది. వందల గిగాబైట్ల పాటలు కదలవు.

బ్యాకప్ తేలికయ్యేదీ ఇందువల్లే. మూసిన ఫైళ్లను ఏ డిస్కులోకి కాపీ చేసినా వాటి తాళంచెవులు వాటితోనే వెళ్తాయి. విడిగా దాచాల్సింది ఆ 32 అక్షరాలే. ‘ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్-అన్‌రాప్-పాస్‌ఫ్రేజ్’ ఆదేశంతో బయటికి తీసి కాగితం మీద రాసుకుంటే చాలు. సిగ్నల్ అందని ఊళ్లోనూ అది పనికొస్తుంది. చిన్న ఫైలును కాపీ చేసుకున్నా మంచిదే, కాకపోతే అది కాపీ చేసిన నాటి పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. పాత పాస్‌వర్డ్ లేకుండా అడ్మిన్ కొత్తది పెట్టేస్తే లాగిన్ అవుతుంది గానీ హోమ్ డైరెక్టరీ తెరుచుకోదు. అప్పుడు ఆదుకునేది ఆ కాగితమే.

లోపమూ లేకపోలేదు. చిన్న ఫైలును మూసేటప్పుడు అందరికీ ఒకే డిఫాల్ట్ సాల్ట్ (పాస్‌వర్డ్‌కు కలిపే అదనపు విలువ) వాడటంతో పాస్‌వర్డ్‌ను ఊహించి పట్టుకోవడం సులువైంది. 2015లో దాన్ని సరిచేశారు. 2018లో ఉబుంటు 18.04 ఇన్‌స్టాలర్ నుంచి హోమ్ డైరెక్టరీ ఎన్‌క్రిప్షన్ ఎంపికను తీసేసి, మొత్తం డిస్కును మూసే లక్స్ వైపు మొగ్గారు. లక్స్‌లోనూ డేటాకు ఒక తాళంచెవి, దాన్ని మూసే పాస్‌వర్డ్ వేర్వేరు. అక్కడ బ్యాకప్ తీయాల్సింది మూసిన తాళంచెవి ఉండే హెడర్‌ను. సాధనం మారినా హాల్‌క్రో పనిలో మెచ్చుకోదగ్గ ఆ విభజన నిలిచే ఉంది: మనిషి మార్చుకునే మాట వేరు, డేటాను కాచే తాళంచెవి వేరు.