పులియడం ఆగని సీసా

ఇంట్లో బీరు తయారుచేసుకునే అభిరుచిలో రుచి దగ్గర జరిగే పొరపాట్లకు దొరికే మన్నింపు పరికరాల దగ్గర జరిగే పొరపాట్లకు దొరకదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను, వేడినీటిలో నానబెట్టి తీసిన తియ్యటి ద్రవాన్ని వర్ట్ అంటారు; దానిని హాప్స్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులియబెడితే బీరు అవుతుంది. ఆల్కహాలు, ఆమ్లత, హాప్స్ సారం కలిసి మనిషికి జబ్బు చేసే సూక్ష్మజీవులను అందులో దాదాపుగా బతకనివ్వవు కనుక, చెడిపోయిన బీరును పారబోయవలసి వస్తే రావచ్చు గాని అది తాగినవారి ప్రాణం మీదికి రావడం అరుదు. అమెరికాలో ఈ అభిరుచికి పెద్దదిక్కుగా నిలిచిన చార్లీ పాపాజియన్ 1984లో వెలువరించిన పుస్తకం, తొలిసారి ప్రయత్నించేవారికి కంగారు పడనక్కరలేదని ధైర్యం చెప్పి లక్షలాది మందిని ఇటు నడిపించింది. ఆ ధైర్యం పానీయం వరకు సబబే; దానిని గాజుకూ, గ్యాసు సిలిండరుకూ, మంటకూ వర్తింపజేసుకున్నచోటనే ప్రమాదాలు మొదలవుతాయి.

బ్రిటన్‌లో 1963 నుంచి సొంత వాడకానికి లైసెన్సు లేకుండానే బీరు చేసుకునే వీలు కలిగింది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చి, ఇద్దరు పెద్దవారున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు, అంటే సుమారు 757 లీటర్ల వరకు, పన్ను మినహాయింపు ఇచ్చింది. ఆ వెసులుబాటు సారా కాయడానికి వర్తించదు. ఈ చట్టాలతో స్వేచ్ఛ వచ్చింది గాని దానివెంట తనిఖీ రాలేదు. కర్మాగారంలో ఒత్తిడిని తట్టుకోవలసిన పాత్రలను గడువు ప్రకారం పరీక్షించే ఏర్పాటు ఉంటుంది. ఇంటి గ్యారేజీలో యజమాని, కార్మికుడు, తనిఖీ అధికారి ముగ్గురూ ఒక్కరే అయినందువల్ల, మొదటి ఇద్దరి ఉత్సాహం ముందు మూడోవాడి మాట చెల్లదు.

ప్రమాదాల్లో అందరికీ తెలిసినది సీసా పేలడం. అభిరుచిగలవారు అలాంటి సీసాను బాటిల్ బాంబు అనే పిలుస్తారు. పులిసిన బీరును సీసాల్లో నింపే ముందు కొద్దిగా పంచదార కలుపుతారు; మిగిలి ఉన్న ఈస్ట్ ఆ పంచదారను తిని విడిచే కార్బన్ డయాక్సైడ్, మూత బిగించి ఉన్నందున బయటికి పోలేక బీరులోనే కరిగి నురగకు మూలమవుతుంది. ఈ పద్ధతిని ప్రైమింగ్ అంటారు. 19 లీటర్ల బీరుకు సాధారణంగా 110 నుంచి 130 గ్రాముల పంచదార సరిపోతుంది. అప్పుడు ప్రతి లీటరు బీరులో సుమారు రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సీసా లోపల దాదాపు కారు టైరులో ఉండేంత ఒత్తిడి ఏర్పడుతుంది. అంతా సవ్యంగా జరిగినప్పుడే లోపలి ఒత్తిడి ఇంత ఉంటుందన్న సంగతి గుర్తుంటే, లెక్క తప్పినప్పుడు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

లెక్క తప్పే దారులు ఎక్కువగా పులియడం పూర్తికాకముందే సీసాల్లో నింపడంతో మొదలవుతాయి. నీటితో పోల్చి ద్రవం ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటరు అనే గాజు పరికరం 1.010 దగ్గర ఆగవలసిన బీరును 1.014 దగ్గర చూపుతున్నప్పుడే తొందరపడి మూతలు బిగిస్తే, మిగిలిన ఆ నాలుగు పాయింట్ల చక్కెర సీసాలోనే పులిసి, లీటరుకు మరో రెండు లీటర్ల గ్యాసును చేర్చి, ఒత్తిడిని రెట్టింపు దాటిస్తుంది. పంచదార సరిగా కలవకపోతే కొన్ని సీసాలకు ఎక్కువ, కొన్నింటికి తక్కువ చేరుతుంది. మామూలు ఈస్ట్ ముట్టని పొడవాటి చక్కెర గొలుసులను కూడా తెంచి తినగల డయాస్టాటికస్ రకం ఈస్ట్ ఒక పాత గొట్టంలో నక్కి ఉన్నా, పులియడం చివర్లో వాసన కోసం వేసిన హాప్స్‌లోని ఎంజైములు ఆ గొలుసులను మెల్లగా విడగొట్టినా, ఆగిందనుకున్న పులియడం వారాల తరువాత మళ్లీ మొదలవుతుంది. అందువల్ల హైడ్రోమీటరు రెండు మూడు రోజుల ఎడంతో ఒకే అంకె చూపేవరకు ఆగడం, పంచదారను కొలతతో కాక తూకంతో వేయడం, ఒత్తిడికి ఉద్దేశించని పలుచటి సీసాలను వాడకపోవడం, నింపిన సీసాలను మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంచడం అనుభవజ్ఞులు పాటించే నియమాలు. నింపిన వాటిలో ఒకటి ప్లాస్టిక్ సీసా అయితే, దానిని వేలితో నొక్కి చూసి మిగతా సీసాల లోపలి సంగతి పసిగట్టవచ్చు.

రెండో పెద్ద ప్రమాదం చాలావరకు ఒత్తిడితో నిమిత్తం లేనిది. పులియబెట్టడానికి వాడే సన్నమెడ గాజు జాడీని కార్బాయ్ అంటారు. 19 లీటర్ల వర్ట్‌తో నిండినప్పుడు అది పాతిక కిలోలు తూగుతుంది, పట్టుకోవడానికి నున్నటి గాజు తప్ప మరేమీ ఉండదు, కడిగేటప్పుడు సబ్బునీటికి చేతిలోంచి జారుతుంది. మెడకు తగిలించే పిడి ఖాళీ జాడీని మోయడానికే పనికివస్తుంది. కింద పడి పగిలిన గాజు ముక్కలు మణికట్టు నరాలను, స్నాయువులను తెంచే ప్రమాదం ఉంటుంది. కాగిన వర్ట్ పోసినా, ఒక చోట కాచి ఇంకోచోట చల్లారినా గాజు ఉన్నట్టుండి బీటలువారుతుంది. బీరును పైకి నెట్టడానికి అందులోకి గ్యాసు వదలడం మరింత ప్రమాదకరం. ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు తేలికగా దొరుకుతున్న కాలంలో గాజునే పట్టుకొని ఉండడానికి లోపలి పొంగు కంటికి కనిపిస్తుందన్న ముచ్చట తప్ప బలమైన కారణం లేదు. ఆ పొంగు గాలి బయటికి వదిలే ఎయిర్‌లాక్‌ను మూసివేయగలదు. అప్పుడు పేలేది మూతయో జాడీయో చెప్పలేరు గనుక, వేగంగా పొంగే వర్ట్‌కు మెడ నుంచి లావుపాటి గొట్టం తీసి నీళ్ల బకెట్టులో ముంచుతారు.

హెచ్చరిక ముందే రావడం, దానిని అలవాటుగా భావించి పక్కన పెట్టడం ఈ వృత్తిలో పాత కథ. 1814 అక్టోబరు 17న లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోని హార్స్ షూ బ్రూవరీలో, ఇరవై రెండు అడుగుల ఎత్తున్న పోర్టర్ బీరు తొట్టి చుట్టూ ఉన్న ఇనుప పట్టీల్లో ఒకటి ఊడింది. పట్టీలు అలా ఊడడం ఏడాదికి రెండు మూడుసార్లు జరిగేదే కనుక గోదాము గుమస్తాకు అది కొత్తగా తోచలేదు. పైవారికి చెబితే నష్టమేమీ లేదన్నారు. బాగు చేయించమని అతడు చీటీ రాశాడు. సుమారు గంటలో తొట్టి పగిలి బీరు పక్క వీధి ఇళ్ల మీదికి వరదలా పడింది, ఎనిమిది మంది చనిపోయారు. ఇంటి బ్రూయింగులో తొట్టి చిన్నదే, బుద్ధి మాత్రం అదే: నిరుడు కూడా ఇలాగే బుసకొట్టింది, ఏమీ కాలేదు అన్న మాట ఊడిన పట్టీని చూసి ఊరుకోవడమే అవుతుంది.

సీసాల బాధ వద్దనుకొని కెగ్‌కు, అంటే స్టీలు పీపాకు, మారినవారు వేరే బలంతో వ్యవహరించవలసి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరులో గది ఉష్ణోగ్రత దగ్గర ఒత్తిడి 57 బార్‌ల వరకు ఉంటుంది. బీరు వడ్డించడానికి ఒక బార్ కంటే తక్కువే చాలు. ఈ రెండింటి మధ్య నిలిచేది ఒక్క రెగ్యులేటరు కనుక, అది పాడైనప్పుడు ఒత్తిడిని తానే విడిచిపెట్టే వాల్వు లేని పాత్రను సిలిండరుకు కలపరాదు. 2012లో అమెరికా న్యూ హాంప్‌షైర్‌లోని ఒక బ్రూవరీలో గాలి ఒత్తిడితో శుభ్రం చేస్తున్న ప్లాస్టిక్ కెగ్ పేలి కార్మికుడు మరణించాడు. వృత్తి నేర్చినవారి చేతిలోనూ అంత పని జరుగుతుంది. పైగా ఈ గ్యాసు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు కనుక, కారుతున్న సిలిండరు పెట్టిన డీప్ ఫ్రీజరు అడుగున చేరి, తలపెట్టి వంగినవారికి ఊపిరాడనివ్వదు.

మంట, కరెంటు, రసాయనాల సంగతి తెలిసినదే. ప్రొపేన్ స్టవ్వు మూసిన గదిలో మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది; కాగుతున్న వర్ట్ తియ్యగా, జిగటగా ఉన్నందున ఒంటికి అంటుకొని లోతుగా కాలుస్తుంది; కరెంటు కారినప్పుడు సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ లేకుండా తడిచేతులతో హీటరును ముట్టరాదు; బ్లీచింగు నీటిని ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజు చట్టాల ప్రకారం నేరమే గనుక, ఈ అభిరుచి ఎక్కువగా అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారి గ్యారేజీల్లోనే కనిపించవచ్చు. అయినా, మూత బిగించిన సీసాలో పులియడం సాగినంతకాలం గ్యాసు పుడుతూనే ఉంటుందన్న నియమం హైదరాబాదు ఇళ్లలో పట్టే కొంబూచాకూ, బిగించి తెచ్చిన కల్లు సీసాకూ అంతే వర్తిస్తుంది.

శ్రద్ధగల బ్రూయర్లు వర్ట్ ఉష్ణోగ్రత, హైడ్రోమీటరు అంకెలు, ఈస్ట్ రకం, హాప్స్ తూకం తేదీలతో సహా పుస్తకంలో రాసుకుంటారు. రుచి మళ్లీ అలాగే రావాలన్న కోరికతో ఆ శ్రమ పడతారు. అదే పుస్తకంలో సిలిండరుకు పరీక్ష గడువు ఎప్పుడు ముగుస్తుందో, గొట్టాలు, రబ్బరు వలయాలు ఎప్పుడు మార్చారో, ఏ సీసా నోటి అంచు చిట్లితే తీసివేశారో రాసే వరుసలు కూడా చేరితే, గ్యారేజీలో లేని తనిఖీ అధికారి పని కొంతైనా జరుగుతుంది. రుచి కోసం తేదీలు గుర్తుపెట్టుకునేవారికి అది అదనపు భారం కాబోదు.