చీమనూ అడిగారు

పిల్లల పుస్తకం చేతికి రాగానే పెద్దవాళ్లు ముందు చివరి పేజీ తిప్పి చూస్తారు, నీతి ఉందా లేదా అని. పుస్తక ప్రదర్శనల్లో ఇది మామూలే. "ఇందులో పిల్లలు నేర్చుకునేదేముందండీ?" అని నన్నే అడుగుతారు. అప్పుడు నాకు ఏడు చేపల కథ గుర్తొస్తుంది.

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమోపు మీద నెపం పెడుతుంది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు బువ్వ పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లవాడి మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద. చీమ మాత్రం ఎవరి మీదికీ నెట్టదు. తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ఊరుకుంటానా అంటుంది. అక్కడితో కథ సరి. ఆ చేప చివరికి ఎండిందో లేదో చెప్పరు. నీతి ఊసే ఉండదు.

కథ రాయడం గురించి నాకు తెలిసిందంతా దాదాపు ఇందులోనే ఉంది. అడిగే తీరు ప్రతిసారీ ఒకటే, పేరొక్కటే మారుతుంది. కూడబలుక్కుని చదివే పిల్లలకు అంతకంటే ఏం కావాలి? ఆమధ్య ఒక సర్కారు బడిలో రెండో తరగతి పిల్లలకు ఈ కథ చదివి వినిపించాను. ఆవు వంతు వచ్చేసరికి నేను నోరు తెరవకముందే క్లాసంతా కలిసి ప్రశ్న అడిగేసింది. చీమ మాట అయిపోయాక గోడవారగా కూర్చున్న పాప చేయెత్తింది. "మరి చీమ ఇల్లు ఎవరు బాగుచేసిండ్రు సార్?" అంది. పక్కనున్న పిల్లాడు, "అవే చేసుకుంటయ్, మస్తు మంది ఉంటరు కదా" అన్నాడు. ఆ ప్రశ్నా, ఆ జవాబూ కథలో లేవు. చివర నేనో నీతివాక్యం తగిలించి ఉంటే అవి పుట్టేవే కావు.

పిల్లల కథల్లో ఆశ అనగానే మనకు సుఖాంతం గుర్తొస్తుంది. రాక్షసుడు చస్తాడు, రాజకుమారి ఇల్లు చేరుతుంది. నా మటుకు నాకు ఆశ అంతకంటే ముందే మొదలవుతుంది. ఏడు చేపల కథలో అడిగినవాళ్లందరూ జవాబు చెబుతారు. నీకెందుకు పొమ్మన్నవాళ్లు ఒక్కరూ లేరు. చీమనూ అడుగుతారు, దాని గోడు దాన్ని చెప్పుకోనిస్తారు. జరిగినదానికి కారణం ఉంటుంది, అడిగితే తెలుస్తుంది, ఎంత చిన్నవాడికైనా మాట్లాడే వంతు వస్తుంది. ఈ ధీమా ఒకసారి మనసులో పడితే, విషాదాంత కథ చదివినా పిల్లలు బెంబేలెత్తిపోరు.

1947 జులైలో మొదలైన చందమామ మరో రకం ధీమా ఇచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం అందులో ఏళ్ల తరబడి సీరియళ్లు రాశారు. రచయితగా తన పేరు అచ్చులో పడకపోయినా రాశారు. చిత్రా బొమ్మలు వేసేవారు. వీరుణ్ని గండంలో వదిలేసి కథ ఆ నెలకు ఆగిపోయేది. వాణ్ని బయటపడేసే ఉపాయాలు నెలంతా పాఠకులే ఆలోచించుకోవాలి. వీరుడు బతుకుతాడని అందరికీ తెలుసు, ఎలా అన్నదే తేలాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు తేట వచనం వల్ల ఆ ఆలోచనకు భాష అడ్డం వచ్చేది కాదు. పిల్లలకు రాసేటప్పుడు ఇప్పటికీ నేను ముందు చూసుకునేది అదే. వాక్యం దగ్గర ఆగిపోయిన పిల్ల కథలోకి రాదు.

ఇప్పటి పిల్లలకు ఆగే ఓపిక లేదంటారు. నేను ఒప్పుకోను. ఆగాల్సిన అవసరం మనం రానివ్వడం లేదు, అంతే. ఒక పంతులమ్మ రోజుకో అధ్యాయం చదివి, సరిగ్గా పులి గాండ్రించే చోట పుస్తకం మూసి మధ్యాహ్న భోజనానికి పంపేవారట. అన్నం వరసలో ఉన్నంతసేపూ పిల్లలు పులి సంగతే వాదించుకునేవారని చెప్పారు.

కాబట్టి ఇంట్లో చదివి వినిపించేటప్పుడు పిల్లలు మధ్యలో అడ్డొస్తే "ముందు కథ విను" అనకండి. పుస్తకం పక్కన పెట్టి జవాబు చెప్పండి. తెలియకపోతే "నీకేమనిపిస్తోంది?" అని ఎదురడగండి. కథదేముంది, రేపైనా పూర్తవుతుంది. అడగడం మానేసిన పిల్లలతో మళ్లీ అడిగించడం మాత్రం ఏ రచయిత వల్లా కాదు.