బకెట్ వేన్నీళ్లు, ఎవరెస్టు ఎత్తు

బిస్కెట్ ప్యాకెట్ మీద కేలరీలు, కరెంటు బిల్లులో యూనిట్లు, ఏసీకి టన్నులు, బోరు మోటారుకి హార్స్‌పవర్. ఏది కనబడినా కరెంటు యూనిట్లలోకి మార్చి చూడడం నాకున్న ఒక పిచ్చి. రెండంకెలు గుర్తుంటే కాగితంతో పనిలేదు: ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు, లేదా 860 కిలోకేలరీలు. హార్స్‌పవర్‌తో, ఏసీ టన్నులతో కాస్త జాగ్రత్త. అవి శక్తి కాదు, శక్తి ఖర్చయ్యే లేదా తరలే వేగం. గంటలతో గుణిస్తే తప్ప యూనిట్లు రావు. 5 హెచ్‌పీ మోటారు గంటసేపు చేసే పని 3.7 యూనిట్లు, మోటారు తనలో వృథా చేసుకునేది వేరే.

ఈ పిచ్చి వల్ల తెలిసిందేమిటంటే, వేడి చాలా ఖరీదు, ఎత్తడం దాదాపు ఉచితం. ఇరవై లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45కి కాచాలంటే 400 కిలోకేలరీలు, అంటే అర యూనిట్‌కి కొంచెం తక్కువ. అదే బకెట్‌ను పది మీటర్ల ఎత్తున్న డాబా మీదికి చేర్చడానికి రెండు వేల జౌళ్లు కూడా పట్టదు. కాచడానికైన శక్తితో ఎత్తుకుంటూ పోతే ఎనిమిదిన్నర కిలోమీటర్లు పోవచ్చు. ఎవరెస్టు శిఖరం ఇంకో మూడొందల మీటర్లే!

ఈ మారకం రేటు తేల్చినవాడు మాంచెస్టర్ దగ్గర బీరు తయారీదారు కొడుకు జేమ్స్ జౌల్. 1840లలో, కిందికి దిగే బరువులతో నీళ్లలో తెడ్లు తిప్పించి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు. ఆయన సమాధి రాయి మీద 772.55 అని చెక్కి ఉంటుంది. మన కొలతల్లో ఆ లెక్క ఇది: నీళ్లు సుమారు 424 మీటర్ల ఎత్తు నుంచి పడితే ఒక్క డిగ్రీ వేడెక్కుతాయి. 270 అడుగుల తలకోన జలపాతం కింద, వేడి ఎటూ పోకుండా ఉన్నా, డిగ్రీలో ఐదో వంతే. అంత చిన్న తేడాలను నమ్మకంగా చదివాడంటే ఆ మనిషి థర్మామీటరుకి, ఓపికకి దండం పెట్టాలి.

మూడో అంతస్తుకి సిమెంటు మోసే కూలీ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క నాకు మింగుడుపడదు. 50 కిలోల బస్తా, పది మీటర్లు: 4,900 జౌళ్లు. వంద బస్తాలు మోసినా యూనిట్‌లో ఏడో వంతు దాటదు. ప్రతిసారీ మెట్లెక్కిన తన ఒంటి బరువు కలిపినా నా స్నానం బకెట్‌కి చాలదు. అతను తిన్న తిండిలో మూడు యూనిట్ల పైమాటే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఒంటి వేడిగా పోతుంది. ఇది చూసి కూలి రేటు కట్టే మేస్త్రీ ఎవరైనా ఉంటే, ముందు అతని భుజానికే ఒక బస్తా ఎత్తాలి.