రెండోసారి ముక్కు నిలబెట్టడం

ముక్కుకు ఒకసారి ఆపరేషన్ అయి, కోరుకున్న తీరు రాకపోగా ఊపిరి కూడా ఇరుకైన మనిషి మళ్లీ సర్జన్ దగ్గరికి వెళ్తానంటే చుట్టూ ఉన్నవాళ్లు రెండు మాటలంటారు. గాలి ఆడకపోతే అది జబ్బు, చేయించుకోవాల్సిందే. ఆకారం కోసమైతే అది సోకు, మానుకోవాలి. ముక్కు నిర్మాణం తెలిస్తే ఈ విభజన నిలవదు. ముక్కును బయటికి నిలబెట్టేవీ, లోపల గాలిదారిని తెరిచి ఉంచేవీ అవే మృదులాస్థులు. అందుకే రివిజన్ రైనోప్లాస్టీ అనే ఈ రెండో శస్త్రచికిత్స ప్రధానంగా పోయిన ఆధారాన్ని తిరిగి కట్టే పని. అందం, ఊపిరి ఆ ఒక్క పనికే వచ్చే రెండు ఫలితాలు.

ఆధారం ఎలా పోతుందో చూడాలి. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ముక్కును చక్కదిద్దడమంటే చెక్కి తీసెయ్యడమే. ముక్కు నడిమి భాగంలో పక్కగోడల మృదులాస్థి మధ్య దూలాన్ని కలిసే చోట సుమారు 10 నుంచి 15 డిగ్రీల సన్నని కోణం ఉంటుంది. గాలికి అన్నిటికన్నా ఇరుకైన చోటు అదే. పైనున్న ఎత్తును చెక్కేటప్పుడు ఆ గోడలు దూలం నుంచి విడిపోతాయి. వాటిని మళ్లీ సరిగా అతకకపోతే క్రమంగా లోపలికి కుంగుతాయి. బయట ముక్కు నడుమ నొక్కేసినట్టు కనబడుతుంది, లోపల కోణం మూసుకుపోతుంది. ఇరుకులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది కనుక, బలంగా పీల్చినప్పుడల్లా ఆ బలహీనమైన గోడ మరింత లోపలికి లాగుకుంటుంది. వంకర దూలం సరిచేసేటప్పుడు కూడా పైనా ముందూ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ మిగల్చాలంటారు. అది మిగలకపోతే నిట్రాట తీసిన పాకలా ముక్కు కుంగిపోతుంది.

అమెరికన్ సర్జన్ జాక్ షీన్ 1984లో ప్రచురించిన పద్ధతి నా వాదనకు గట్టి సాక్ష్యం. దూలానికీ పక్కగోడకూ మధ్య అగ్గిపుల్లంత సన్నని మృదులాస్థి పట్టీని పెట్టి కుట్టడమే ఆ పద్ధతి. దాంతో మూసుకున్న కోణం విచ్చుకుంటుంది, బయటి నొక్కూ పూడుకుంటుంది. శ్వాసకొక పట్టీ, చూపుకొక పట్టీ అంటూ వేరే లేవు.

మరి ఆ పట్టీ ఎక్కడి నుంచి తేవాలి? మొదటి ఎంపిక దూలమే, కానీ తొలి ఆపరేషన్‌లో అది చాలావరకు ఖర్చైపోయి ఉంటుంది. చెవి మృదులాస్థి మెత్తన, పైగా వంపు తిరిగి ఉంటుంది. రంధ్రాల అంచులకు పనికొస్తుంది కానీ బరువు మొయ్యలేదు. అందుకే పక్కటెముక కొసనున్న మృదులాస్థి దాకా వెళ్లాల్సి వస్తుంది. ముక్కు కోసం ఛాతీ కోయడమా అన్న సందేహం సహజం. ఛాతీ మీద మచ్చ, నొప్పి, అరుదుగా ఊపిరితిత్తి పొరకు గాయం నిజమైన ప్రమాదాలే. చెక్కిన ముక్క తర్వాత వంగిపోవడం మరో బెడద. గిబ్సన్, డేవిస్ అనే పరిశోధకులు 1958లో అన్ని వైపులా సమంగా చెక్కి నడిమి భాగాన్ని వాడితే ఆ వంపు తగ్గుతుందని చూపారు. సిలికాన్ దిమ్మ పెడితే ఈ శ్రమ తప్పుతుంది, కానీ మచ్చకట్టి పలచబడిన చర్మం కింద పరాయి వస్తువుకు చీము పట్టే, బయటికి పొడుచుకొచ్చే భయం ఎక్కువ.

తీసెయ్యడం కన్నా కట్టడం ముఖ్యమన్న చూపు ఈ దేశంలో పాతదే. సుశ్రుతసంహిత చెంప చర్మాన్ని ముక్కు మీదికి తిప్పి అతికే విధానం చెబుతూ, లోపల రెండు గొట్టాలు పెట్టి ముక్కును పైకెత్తమంటుంది. అంతటితో ఆగదు: అతుకు మానాక కొరత ఉంటే మళ్లీ పెంచమని, కండ ఎక్కువైతే సమం చెయ్యమని చెబుతుంది. అంటే తొలి వర్ణనలోనే రెండో దిద్దుబాటుకు చోటుంది. టిప్పు సుల్తాన్ సైన్యం ముక్కు కోసిన కావస్జీ అనే మనిషికి పుణె ప్రాంతంలో నుదుటి చర్మంతో ముక్కు కట్టిన కథనం 1794లో లండన్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో వచ్చింది. అది స్ఫూర్తిగా సర్జన్ జోసెఫ్ కార్ప్యూ 1814లో ఇంగ్లండులో ఆ పద్ధతి ప్రయత్నించాడు. దాని లోపమూ చెప్పాలి. లోపలి పొర, మృదులాస్థి లేకుండా చర్మం ఒక్కటే కప్పితే ముక్కు కాలక్రమంలో ముడుచుకుపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధ క్షతగాత్రులకు చికిత్స చేసిన హెరాల్డ్ గిలీస్ లోపలి పొర గురించి అంతగా పట్టుబట్టింది అందుకే.

చర్మం కింద మందు నింపే ఫిల్లర్ సూదితో గుంట పూడ్చుకోవచ్చు కదా అంటారు. గుంట పూడుతుందేమో కానీ గోడకు బలం రాదు. పైగా ఒకసారి కోసిన ముక్కులో రక్తనాళాల దారులు మారి ఉంటాయి. మందు నాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపూ పోవచ్చు. అసలు ముట్టుకోకుండా వదిలెయ్యమనే వాదన ఇంతకన్నా బలమైనది. ప్రతి కోతా కొత్త మచ్చను మిగులుస్తుంది. అందుకే వాపు పూర్తిగా తగ్గేదాకా, సాధారణంగా కనీసం ఏడాది, ఆగమంటారు. ఊపిరి బాగా ఆడుతూ చిన్న నొక్కు మాత్రమే ఉంటే, నా ఉద్దేశంలో ఆగడమే మేలు. ఊపిరి ఆడనప్పుడు కూడా మొదట చెయ్యాల్సింది పరీక్షే. సన్నని ప్రోబ్‌తో లోపలి గోడను కొద్దిగా ఎత్తిపట్టి పీల్చమంటారు. గాలి ఒక్కసారిగా సులువైతే ఆధారం ఎక్కడ కావాలో తెలుస్తుంది. ఏ మార్పూ లేకపోతే అలర్జీ వాపు వంటి కారణాలు వెతికి, ముందు మందులతో చూడాలి.