జీడిపిక్కకు నడక నేర్పాలంటే

శ్రీకాకుళం జిల్లా నందిగాంలో ఏ పిల్లకైనా, పిల్లాడికైనా యానిమేషన్ మీద మనసుంటే కంప్యూటర్ కొనేదాకా ఆగక్కర్లేదు. ఉద్దానంలో జీడిపిక్కలకు కరువా? ఫోన్‌ను కదలకుండా బిగించి, బల్ల మీద పిక్కను పెట్టి ఒక ఫొటో, కాస్త జరిపి ఇంకొకటి తీయాలి. ఇదే స్టాప్ మోషన్. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫొటోను రెండు ఫ్రేములపాటు నిలిపితే 12 ఫొటోలతో సెకను నిండుతుంది. పగటి వెలుగులో తీస్తే మబ్బు కమ్మినప్పుడల్లా బొమ్మ మినుకుమంటుంది. రాత్రి ఒకే బల్బు కింద తీయడం మేలు.

అసలు విద్యంతా ఆ జరపడంలోనే ఉంది. ప్రతిసారీ ఒకే దూరం జరిపితే పిక్కను ఎవరో ఈడ్చినట్టుంటుంది. బయలుదేరేటప్పుడు కొంచెం కొంచెంగా, మధ్యలో ఎక్కువగా, ఆగబోయే ముందు మళ్లీ కొంచెంగా జరిపితే తనంతట తానే వెళ్లినట్టుంటుంది. దూకే ముందు రవ్వంత వెనక్కి లాగితే ఆ ఆలోచన దానికే పుట్టిందనిపిస్తుంది. దీన్ని యాంటిసిపేషన్ అంటారు. నేలను తాకి నొక్కుకుపోవడం, లేస్తూ సాగడం మాత్రం గట్టి పిక్కతో కుదరదు, మట్టిముద్ద కావాలి. ఇలాంటి 12 సూత్రాలను డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో పుస్తకంగా తెచ్చారు.

ఒక్క నిమిషానికే 720 ఫొటోలు. అందుకే ముందు కథను గళ్లలో గీసుకునే స్టోరీబోర్డు, ఆ గీతలను మాటలతో కలిపి నిడివి చూసుకునే యానిమాటిక్ తప్పనిసరి.

మన తోలుబొమ్మలాట కళాకారులకు ఈ కదలికల లెక్క చేతివేళ్లలోనే ఉంది. పలచగా చేసిన మేకతోలును కత్తిరించి, నగల కోసం సన్నని రంధ్రాలు పొడిచి, వెలుగు దూరే రంగులద్ది, భుజం, మోచేయి, మోకాలి దగ్గర దారంతో కీళ్లు కడతారు. కంప్యూటర్ యానిమేషన్‌లో రిగ్గింగ్ చేసేదీ ఇదే: ఏ అవయవం ఎక్కడ తిరగాలో ముందే తేల్చడం. తోలుబొమ్మ ముఖం మారదు. కోపమైనా దుఃఖమైనా భుజం ఎత్తులో, అడుగు వేగంలో, చేయి ఆగిన చోటనే చూపాలి. ఇంత కఠినమైన శిక్షణ ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదని నా నమ్మకం. జర్మనీలో లోటె రైనిగర్ ఇలాగే కీళ్లున్న నల్లని ఆకారాలను ఫ్రేము ఫ్రేముగా జరిపి 1926లో నిండు సినిమానే తీశారు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల విద్య ఇంకా సజీవంగా ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇక యానిమేషన్ చూస్తే, 2001లో రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను పెట్టింది, ఛోటా భీమ్‌ను పుట్టించింది హైదరాబాద్‌లోనే. ఈ రెండు విద్యలనూ మన పిల్లలు పక్కపక్కన పెట్టుకుని నేర్వాలి. తోలుబొమ్మలాట వీడియో ఒకటి దొరికితే ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడండి: గద లేచే ముందు చేయి ఎంత కిందికి దిగిందో, దెబ్బ పడ్డాక బొమ్మ ఎన్ని ఫ్రేములు కదలకుండా ఉందో లెక్కపెట్టి, అదే లెక్కన పిక్కను జరపండి.